పౌడరు డబ్బా, దువ్వెన, చేతి అద్దం

ఆమె ఉన్నది ఉన్నట్టు తీసేదట.

సంస్మరణ సభలో మాట్లాడిన వాళ్ళంతా ఇదే పాట. "ఆమె ఎవరినీ కదిలించలేదు, దేన్నీ సర్దలేదు, బతుకును బతుకులాగే పట్టుకున్నది" అన్నాడు హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. చప్పట్లు మోగాయి. వెనక వరుసలో కూర్చున్న నేను నోరు మూసుకొని ఎట్లా ఉన్నానో నాకే తెలియదు. నన్ను ఎరిగినవాళ్ళకు అది నాకు ఎంత కష్టమైన పనో తెలుసు.

శుద్ధ అబద్ధం. ఆమె సంచిలో కెమెరాతో పాటు ఎప్పుడూ మూడు వస్తువులుండేవి. ఒక పౌడరు డబ్బా, ఒక దువ్వెన, ఒక చేతి అద్దం. బీడీలు చుట్టే వాకిట్లోకి పోయినా, చెరకు కొట్టే చేనులోకి పోయినా ముందు ఆ మూడూ బయటికి వచ్చేవి. కెమెరా చివరికి. నా కళ్ళతో చూశాను, ఒకసారి కాదు. ఉన్నది ఉన్నట్టు తీసినదాన్ని నేను. పోయి నా ఫోటోలు చూడండి, అవి ఎట్లా ఉన్నాయో.

ఆమె మీద వేసే సంచిక కోసం రాయమని నిర్వాహకులు అడిగారు. "మీరు బాగా దగ్గర కదా మేడమ్, ఒక నాలుగు పేజీలు" అని. దగ్గరే. అంత దగ్గరగా ఉంటేనే ఇంత కుళ్ళు పుడుతుంది. ఆమె పేరు మాత్రం రాయను. నిజామాబాద్ బస్టాండు నుంచి గ్రంథాలయం హాలు దాకా బ్యానర్ల మీద ఆ పేరే ఉంది, నా చేత్తో ఇంకోసారి ఎందుకు? బోధన్‌లో అందరూ ఫోటో అక్క అనేవాళ్ళు. నాకూ అదే చాలు.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఆ హాలు గోడలకు పెట్టిన ఫోటోల్లో ఒకటి మా అమ్మది. మా అమ్మ నోరంతా తెరిచి నవ్వుతోంది అందులో. నలభై ఏళ్ళకు పైగా ఆమె బిడ్డగా ఉన్నాను, నా ముందు ఒక్కనాడూ అట్లా నవ్వలేదు. ఫోటో అక్క ముందు నవ్వింది. ఎందుకు నవ్విందో నాకు తెలియాలి. ఈ నాలుగు పేజీలు సంచిక కోసం కాదు, దాని కోసం.

బోధన్ బస్టాండు వెనక ఒక చిన్న మడిగెలో ఆమె స్టూడియో. నీలం పరదా, ఒక గుండ్రటి స్టూలు, రెండు లైట్లు. గోడకు నిలువుటద్దం, దాని కింద చెక్క మీద పౌడరు డబ్బా, దువ్వెన. పింఛను కార్డుకు, బ్యాంకు పుస్తకానికి, బీడీ కార్ఖానాలో ఇచ్చే గుర్తింపు కార్డుకు అందరూ అక్కడికే వచ్చేవాళ్ళు. అప్పుడు నేను బోధన్‌లో లెక్చరర్ని, సోషియాలజీ చెప్పేదాన్ని. ఏదో దరఖాస్తుకు ఫోటో కావలసి పోయాను. వరుసలో నా ముందు దూరిన ఒకాయనతో గొడవ పెట్టుకున్నాను, అది మామూలే. నా వంతు వచ్చి స్టూలు మీద కూర్చున్నాక కూడా అతనికి చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది.

"మేడమ్, గా వేలు దించు. ఫోటోల పడుతది" అన్నది ఆమె.

చూసుకుంటే నా కుడిచేతి చూపుడు వేలు గాలిలో ఉంది. మాట్లాడేటప్పుడు నాకు అది లేస్తుంది. కాలేజీలో పిల్లలు చాటుగా ఆ వేలు లేపి నన్ను అనుకరిస్తారని తెలుసు, పట్టించుకోను. కానీ ఒక ఫోటోలు తీసే మనిషి మొదటి చూపులోనే అది పట్టుకుని ముఖం మీద అనడం, పైగా మేడమ్ అంటూనే నువ్వు అనడం, నాకు నచ్చలేదు. చివరిదాకా ఆమె నన్ను అట్లాగే పిలిచింది. ముందు మేడమ్, వెనక నువ్వు. గౌరవిస్తోందో ఆట పట్టిస్తోందో ఒక్కనాడూ తేలలేదు.

ఆమె దగ్గర ఒక నియమం ఉండేది. అద్దం ముందు నిలబడనిదే ఎవరినీ స్టూలెక్కనిచ్చేది కాదు. ఎంత తొందరలో ఉన్న మనిషైనా సరే. "ముందు నిన్ను నువ్వు సూస్కో. ఎనుక నేను సూస్త" అనేది. వాళ్ళు దువ్వుకునేవాళ్ళు, పౌడరు రాసుకునేవాళ్ళు, కొందరు ఇంటికి పోయి వేరే చొక్కా వేసుకుని వచ్చేవాళ్ళు. ఆమె కెమెరా ఒళ్ళో పెట్టుకుని, జబ్బుపడ్డ పిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని, కూర్చునేది. లెన్సు మూత పోగొట్టుకుంటానన్న భయంతో దాన్ని పళ్ళ మధ్య పెట్టుకునే అలవాటు. అట్లాగే మాట్లాడేది. సగం మాట మూతకే పోయేది, ఎదుటివాళ్ళకు నవ్వొచ్చేది. నవ్వమని మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. అన్నీ అయ్యాక ఒకే మాట: "ఇగ నీ ఇష్టం." ఆ తరువాతే మీట నొక్కేది.

స్టూడియో గోడ మీద పాస్‌పోర్టు సైజు ముఖాల మధ్య పెద్దవి కొన్ని ఉండేవి. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు ఒక రిటైరయిన ముసలాయన, టిఫిను డబ్బా పట్టుకుని, డ్యూటీకి పోతున్నట్టు తల నున్నగా దువ్వుకుని. అది చూసిన నాడే నేను ఒక మంచి కెమెరా కొన్నాను. స్ఫూర్తి అని రాస్తే బాగుంటుంది. స్ఫూర్తి కాదు. ఎం.ఏ. చదివి, శ్రామిక వర్గం మీద అన్ని పాఠాలు చెప్పే నాకు తట్టనిది పది తప్పిన ఈ మనిషికి ఎట్లా తట్టిందన్న మంట.

మాక్లూర్ సంగతి చెప్తాను. ఆదివారం ఇద్దరం పోయాం. ఒక ఇంటి వసారాలో ఐదారుగురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వాళ్ళల్లో లచ్చవ్వ అని పెద్దమనిషి. రేకుల కప్పులో ఎక్కడో చిల్లు, అందులోంచి ఎండ చారగా వచ్చి సరిగ్గా ఆమె చేతుల మీద పడుతోంది. జాకెట్టు భుజం మీద చిరుగు. తంబాకుతో ముదురు గోధుమరంగుకు తిరిగిన వేళ్ళు. నేను అప్పటికే కెమెరా కంటికి పెట్టుకున్నాను.

"ఆగు బిడ్డ, చీర మార్చుకొని వస్త" అన్నది లచ్చవ్వ.

"వద్దవ్వా, ఇట్లనే మస్తుగున్నది."

"ఎవలకు?"

ఒక్క మాట. ఇరవై ఏళ్ళు క్లాసులో ఏ విద్యార్థీ నన్ను అట్లా ఆపలేదు. పక్కనున్న పడుచు పిల్ల వదిలిపెట్టలేదు. "మేడమ్‌కవ్వా, మేడమ్‌కు మస్తుగున్నది! గా చింపిరి జాకీటు మేడమ్‌కిచ్చెయ్యరాదు, కాలేజికి ఏస్కపోతది!" వసారా అంతా ఒకటే నవ్వు.

ఫోటో అక్క మూత పళ్ళ మధ్య నుంచే అన్నది: "పో అవ్వ, మంచిగ తయారై రా. మాకేం పనున్నది."

లచ్చవ్వ లోపలికి పోయింది. గంట పట్టింది. నా ఎండ చార చేతుల మీంచి జారి గోడెక్కి పోయింది. వచ్చేసరికి బిడ్డ పెళ్ళికి కొన్న ఆకుపచ్చ పట్టుచీర, మెడ దాకా పౌడరు, ముక్కుకు అంతకుముందు లేని ముక్కుపుల్ల. వచ్చి, అదే గోనెపట్టా మీద కూర్చుని, అదే చాట ఒళ్ళోకి లాక్కుని, "ఇగ గుంజు ఫోటో" అన్నది.

తిరుగు బస్సులో నేను ఊరుకుంటానా? "నువ్వు తీసింది అబద్ధం. పెళ్ళిచీర కట్టుకొని ఎవరన్న బీడీలు చుడుతరా?"

"సుట్టింది గద మేడమ్. ఇద్దరం సూస్తిమి."

"నువ్వు తయారై రమ్మన్నవు కాబట్టి చుట్టింది. అది పేదరికాన్ని దాచుడు కాదా?"

ఆమె కిటికీలోంచి చూస్తూనే అన్నది: "నువ్వు కాలేజికి పొద్దుగాల ఇంట్లున్న నైటీ మీదనే పోతవా మేడమ్?"

కండక్టరు వెనక్కి తిరిగి నా వైపు చూశాడు.

ఆ ఫోటో ఇప్పుడు హాల్లో మొదటి గోడ మీదే ఉంది. హైదరాబాదు పెద్దమనిషి దాని ముందు నిలబడి అందులో వ్యంగ్యం ఉందన్నాడు, వర్గ వైరుధ్యం ఉందన్నాడు, ఆ ఆకుపచ్చ చీర ఫోటోగ్రాఫరు వేసిన ఎత్తు అన్నాడు. ఎత్తు లేదు, గిత్తు లేదు. లచ్చవ్వకు ఆ చీరలో కనబడాలనిపించింది, అంతే. కానీ ఒకటి ఒప్పుకోవాలి, ఆమె బతికుండగా ఒప్పుకోలేదు కాబట్టి ఇప్పుడైనా. నా ఎండ చారలో నాకు కనబడింది చిరుగు. పట్టుచీరలో చిరుగు పోయింది, ఆ వేళ్ళు మిగిలాయి. చీర మారితే వేళ్ళు మారవు. వచ్చినవాళ్ళ చూపంతా ఆ వేళ్ళ మీదే పడుతోంది. నేను తీసి ఉంటే జాకెట్టు చూసి అయ్యో అని ముందుకు పోయేవాళ్ళు.

రెండో సంగతి ఇంకా చేదు. చెరకు కొట్టే రోజులు. బోధన్ ఫ్యాక్టరీ మూతపడినా చెరకు ఆగలేదు, ట్రాక్టర్ల మీద వేరేచోట్లకు పోతూనే ఉంది. కొట్టడానికి మహారాష్ట్ర వైపు నుంచి గుంపులు వచ్చి చేల పక్కనే గుడిసెలు వేసుకుంటాయి. ఫోటో అక్కకు మరాఠీ వచ్చు, వాళ్ళ అమ్మ పుట్టిల్లు అటువైపే. గెనం గట్టు మీద కూర్చుని వాళ్ళతో రొట్టె తింటూ కబుర్లు చెప్పింది. నేను చేను మధ్య నిలబడి దోమలు కొట్టుకున్నాను. తరువాత అద్దం తీసి ఒక ఆడమనిషి చేతికిచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి ఆమెకు. చెరకు ఆకు కోసిన గీతలు చెంపల మీద, కనుబొమల నిండా దుమ్ము. అద్దంలోకి చూసింది. గుడిసెల్లో అద్దం లేదేమో, ఎన్నాళ్ళకు చూసుకుందో, ఆ ముఖం ఒక్క క్షణం కూలిపోయింది. చేయి చెంప మీదికి పోయింది.

నేను నొక్కాను. దొరికింది అనుకున్నాను, జీవితానికి ఒక్కటి దొరికింది.

అది ఒక మాసపత్రికలో పెద్దగా వచ్చింది, పక్కన నా వ్యాసంతో. పత్రిక తీసుకుని స్టూడియోకు పోయాను. ఆమె చేతులు తుడుచుకుని పత్రిక లైటు కిందికి పట్టుకుపోయి చాలాసేపు చూసింది. నేను టీ తాగుతూ ఎదురుచూశాను. ఈ భూమ్మీద ఇంకెవరి మెప్పూ నాకు అంత అవసరం కాలేదు. ఆ సంగతి ఆమెకు తెలియకూడదని కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

"మంచిగొచ్చింది మేడమ్" అన్నది. పత్రిక మడిచి నా చేతిలో పెట్టింది. "కని ఆమె ఇంక తయారు గాలె."

టీ సగంలో వదిలేసి వచ్చాను. ఆరు నెలలు అటువైపు పోలేదు.

అదే మనిషిని ఆమె తీసింది కూడా ఇప్పుడు హాల్లో ఉంది. తల దువ్వుకుని, ముఖం కడుక్కుని, చెరకు కొట్టే కత్తి భుజాన వేసుకుని నిలబడింది. 'నన్ను చూడడానికి మీరెవరు' అన్నట్టు చూస్తోంది. నా ఫోటోలో ఆమెను చూస్తే జాలి పుడుతుంది. ఈ ఫోటోలో చూస్తే లేచి కుర్చీ వేయాలనిపిస్తుంది. ఒకే చేను, ఒకే పూట, ఒకే మనిషి. మధ్యలో ఒక పావుగంట. ఆ పావుగంట ఆగడం నాకు చేతకాలేదు.

ఇక మా అమ్మ.

మా అమ్మ బీడీలు చుట్టి నన్ను చదివించింది. చిన్నప్పుడు అవ్వా అని పిలిచేదాన్ని, కాలేజీలో చేరాక అది అమ్మా అయింది. ఆమె రెండింటికీ పలికింది. నిజామాబాద్‌కు బదిలీ అయ్యాక నా దగ్గరకు తెచ్చుకుని, ఇక చాలు అన్నాను. చాట, కత్తెర, ఆకు కొలతకు పెట్టి కోసే రేకు, అన్నీ తీసుకుపోయి ఎవరికో ఇచ్చేశాను. దగ్గు వస్తోంది అందుకు అన్నాను. దగ్గు నిజమే. కాలేజీ వాళ్ళు ఇంటికి వస్తే తంబాకు వాసన రాకూడదనుకున్నదీ నిజమే. రెండింట్లో ఏది ముందని నన్ను అడగకండి.

మా అమ్మకు ముందు పళ్ళు రెండు లేవు. నవ్వొస్తే చేయో కొంగో నోటికి అడ్డం. నా మంచి కెమెరాతో ఎన్నిసార్లు తీశానో. కిటికీ దగ్గర కూర్చోబెట్టి, వెలుగు చూసి, "చెయ్యి తియ్యమ్మా, జర నవ్వు" అంటే, "ఎందుకు బిడ్డ, ఏమైందని?" అనేది. ఇప్పుడు మా ఇంట్లో దండ వేసి ఉన్న ఫోటో వాటిలోదే. బిగించిన పెదాలు, భయపడ్డ కళ్ళు. బ్యాంకులో సంతకం సరిపోలేదంటే ఎట్లా నిలబడతారో, అట్లా.

ఫోటో అక్క మా ఇంటికి వచ్చేది అప్పుడప్పుడు, నా కోసమే. నేను ముందు గదిలో పుస్తకాలు పరిచి కూర్చుంటే, నీళ్ళు తాగొస్తానని వంటింట్లోకి పోయి మా అమ్మ పక్కన చతికిలబడేది. చిక్కుడుకాయలు తుంచుతూ ఇద్దరూ గుసగుసలు. "ఏం మాట్లాడుతున్నరు?" అని అరిస్తే, "ఏం లేదు మేడమ్, చిక్కుడుకాయ ముచ్చట" అనేది. నా ఇంట్లో, నా తల్లితో, నాకు తెలియని ముచ్చట.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ రోజుల్లోనే నా నారాయణపేట చీర, క్లాసుకు కట్టుకునే నీలిది, బీరువాలోంచి తీస్తే మడతల్లో తంబాకు పొడి. వాసన కూడా. ఇస్త్రీ బండి అతని దగ్గరకు పోయి ఉతికి ఆరేశాను. "నీ బీడీ ముక్కలు నా చీరల రాలుస్తవా?" అని.

"అయ్యో మేడమ్, నాకు బీడీ అలవాటే లేదు, మా పిల్లల తోడు!"

వినలేదు. అతనికి చీరలివ్వడం మానేశాను. మా అమ్మ మెట్ల మీద కూర్చుని పాలకూర బాగుచేస్తూ అంతా విన్నది.

ఆమె పోయి మూడేళ్ళు. ఫోటో అక్క పోయి మూడు నెలలు.

సభ రోజు ఆ ఫోటో ముందు ఆగినప్పుడు నేను నవ్వు ఒక్కటే చూశాను. పళ్ళు లేని ఆ సందు, కళ్ళ చుట్టూ ముడతలు, చెయ్యి అడ్డం లేదు. ఇంకేమీ కనబడలేదు. ఫోటో కింద నిర్వాహకులు అంటించిన కాగితం: 'ధిక్కారం'. నా పాత విద్యార్థిని ఒకామె పక్కకు వచ్చి, "ఆ వేలు చూడండి మేడమ్, ఎంత కోపం ఉందో" అన్నది. వేలు కూడా నేను చూడలేదు. మా అమ్మ అని చెప్పలేదు. ఇంటికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున హాలు తెరవగానే మళ్ళీ పోయాను, ఎవరూ రాకముందే. ఈసారి మెల్లగా చూశాను. నలుపు తెలుపు ఫోటో కాబట్టి చీర రంగు తెలియదు, అంచు తెలుస్తుంది. నా నారాయణపేట అంచు. మా అమ్మ జన్మలో కొంగుకు పిన్ను పెట్టలేదు, చుట్టి నడుములో దోపేది. ఇందులో కొంగు నాలుగు మడతలు పెట్టి భుజం మీద పిన్నుతో గుచ్చి ఉంది, నేను క్లాసుకు పోయేటప్పుడు పెట్టుకున్నట్టు. కుడిచేయి పైకి లేచి ఉంది. బొటనవేలికీ మధ్యవేలికీ నడుమ చాక్‌పీసు పట్టుకున్నట్టు ఒక బీడీ. చూపుడు వేలు నిటారుగా గాలిలో.

అది ధిక్కారం కాదు. అది నేను.

ఫోటోలో వెనక గోడకు ఒక పాత క్యాలెండరు, దాని పక్కన తలుపు మీద ముగ్గు గీతలు. ఆ తలుపు నాకు తెలుసు. మా వెనక గల్లీలో, మా డాబా మీంచి కనబడే పద్మ ఇల్లు. బీడీలు చుట్టే ఇల్లు. నేను ఆ గల్లీలోంచి ఎప్పుడూ నడవను, బండి తిరగదు. ఆ రోజు నడిచాను.

నన్ను గుమ్మంలో చూసి పద్మ లేచి నిలబడింది. కోడలు చాట పక్కకు జరిపింది.

"గీడనే కూసునేది మేడమ్, గా గోడకు" అన్నది పద్మ. "మీరు కాలేజికి పోంగనే వచ్చేది. మీరు వచ్చే యాల్లకు పోయేది."

"బీడీలు చుట్టేదా?"

"సుట్టక? మా అందరి కంటె జల్ది. సుట్టి నా చాటల ఏసి పోయేది. 'ఊకె ఇంట్ల కూసుంటె చేతులు గుంజుతున్నయే' అనేది."

"ఫోటో తీసిన రోజు?"

పద్మ ముఖం విచ్చుకుంది. "ఫోటో అక్క అందరికి అద్దమిచ్చింది. తయారై రాపోండ్రి అన్నది. మేమంత గీడనే ముఖాలు కడుక్కున్నం. మీ అమ్మ ఇంటికి పోయి శానసేపటికి వచ్చింది. గుమ్మంల నిలవడ్డది. మేము మీరే అనుకున్నం మేడమ్! చాటలన్ని మంచం కిందికి నూకితిమి!"

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తర్వాత?"

"తర్వాతేమున్నది. ఫోటో అక్క మూత నోట్ల వెట్టుకొని, ఇగ నీ ఇష్టం అవ్వ అన్నది. అవ్వ వేలు లేపి ఒక మాటన్నది. మేమంత కింద వడి నవ్వినం. అవ్వ గూడ నవ్వింది. గప్పుడే గుంజింది ఫోటో."

"ఏం మాట?"

పద్మ కోడలి వైపు చూసింది. కోడలు తల వంచుకుని ఆకు కోయడం మొదలుపెట్టింది. ఆమె భుజాలు ఊగుతున్నాయి.

"యాదికి లేదు మేడమ్."

"పద్మా."

"అరె, యాదున్నది. కని ఎట్ల జెప్త? అవ్వ అంటెనే బాగుండె. గదే మాట నేనంటె తిట్టినట్టుంటది. మీరు ఊకుంటరా?"

ఊకోను, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. బతిమాలాను, కోప్పడ్డాను. వేలు లేచింది, చూసుకుని దించాను. అది చూసి కోడలు ఆపుకోలేక లోపలికి పరుగెత్తింది. పద్మ నాకు టీ ఇచ్చింది, మాట మాత్రం ఇవ్వలేదు.

హాలుకు పోయి ఆ కాగితం తీసెయ్యమన్నాను. ఆమె మా అమ్మ అని చెప్పాను. నిర్వాహకులు కంగారుపడి కుర్చీ వేశారు, అయితే మీరే సభలో మాట్లాడాల్సింది అన్నారు. మరి ఏమని రాయమంటారు అని అడిగారు. బీడీ కార్మికురాలు అని పెడదామా, లెక్చరర్ తల్లి అని పెడదామా అన్నారు. 'నర్సవ్వ, తయారై వచ్చాక' అని రాయించాను. ఇప్పుడు అదే ఉంది.

ఇన్నేళ్ళ పరిచయంలో ఫోటో అక్క నా చేతికి అద్దం ఎన్నడూ ఇవ్వలేదు. ఆ మొదటి రోజు దరఖాస్తు ఫోటో తప్ప నన్ను తీయలేదు. అడుగుతుందని ఎదురుచూశాను, పదేళ్ళు. నాకు నేనుగా అడగడానికి నామోషీ. లచ్చవ్వను తీసింది, ఆ చెరకు చేనులో మనిషిని తీసింది, మా అమ్మను తీసింది. ఫోటో తీసిన తరువాత కూడా మా ఇంటికి వచ్చింది, నా ఎదురుగా కూర్చుని టీ తాగింది, ఇస్త్రీ అతని మీద నేను పెట్టిన గొడవ అంతా చెబితే చెవులప్పగించి విన్నది. లెన్సు మూత లేకపోయినా నోరు విప్పలేదు. వంటింట్లో మా అమ్మ, ముందు గదిలో ఆమె, మధ్యలో నేను. ఇద్దరూ నవ్వు బిగబట్టుకుని ఉంటారు.

మా అమ్మకు అద్దమిచ్చి నీ ఇష్టమంటే ఆమె పట్టుచీర కట్టుకోలేదు. ముక్కుపుల్ల పెట్టుకోలేదు. నాలాగా తయారైంది. అది నా మీద గర్వమో, వెక్కిరింతో ఆ ఒక్క మాట వింటే తెలుస్తుంది. గది నిండా ఆడవాళ్ళు విన్నారు. ఫోటో అక్కా, నువ్వు విన్నావు. నేనొక్కదాన్నే వినలేదు.

పద్మ చెప్పదు. మా అవ్వ లేదు. పోయేముందు నువ్వైనా చెప్పి పోకపోతివి. వేలు లేపి మా అవ్వ ఏమన్నదే?